ముప్ఫై ఒక్క పొయ్యిలు, ఒక్క గొట్టమూ లేదు

బోడిల్‌ని ఇళ్ళ కప్పుల మీంచి కిందికి దించింది డాక్టరు కాదు, మేస్త్రీ కాదు. నేను. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఫోబోర్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు ఇద్దరే మిగిలారు మరి, వాళ్ళలో ఒకడు ఇంకా పుట్టలేదు. నాకు ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్యలు మూడు: తీగలు అతకడం, ఫోనెత్తి జనాన్ని ఆటపట్టించడం, అంకె కనబడగానే ఎగిరి గంతెయ్యడం. ఆ మూడోదే కొంప ముంచింది. అదీ నా కొంప కాదు.

బోడిల్‌కి ఏభై ఆరేళ్ళు. పేరు బోడిల్ గానీ నెత్తిన జుట్టు గడ్డిమోపంత. ముప్ఫై రెండేళ్ళుగా ఊళ్ళో పొగగొట్టాల మసి తీస్తోంది. పొద్దున్న ఏడింటికల్లా భుజాన తాడు, తాడు చివర ఇనప గుండు, గుండు పైన తీగల చీపురు. నల్లకోటు, ఇత్తడి బొత్తాలు, పొడుగు టోపీ. ఆ టోపీని మిగతా మసివాళ్ళు పెళ్ళిళ్ళకు పిలిస్తేనే పెట్టుకుంటారు. బోడిల్ మాత్రం రోజూ పెడుతుంది. "అదృష్టం పెళ్ళికొడుక్కేనా? పాలు తెచ్చుకునేవాళ్ళకి అక్కర్లేదూ?" అంటుంది.

మసి తీసేవాళ్ళ బొత్తాం ముట్టుకుంటే కలిసొస్తుందని ఇక్కడ అందరికీ నమ్మకం. నమ్మనివాళ్ళు కూడా, నమ్మకపోతే పోయేదేముందని ముట్టుకుంటారు. ఒకసారి రొట్టెల కొట్టు ముందు ఒకడు లాటరీ టికెట్టు చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆమె బొత్తాం పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"వదలవయ్యా," అంది బోడిల్. "ఇది ఊడొస్తే అదృష్టం నీకు, కుట్టుపని నాకు."

కప్పెక్కిందంటే ఆమెకి పట్టపగ్గాలుండవు. ఎవరి గొట్టం బాగా లాగుతోందో, ఎవరిది మూలుగుతోందో, ఎవరు పచ్చికట్టెలు కాలుస్తున్నారో అన్నీ వాసనతోనే చెప్పేస్తుంది. పాస్టరుగారిని కూడా వదల్లేదు. కప్పు మీంచే కేకేసింది.

"పాస్టర్! నీ పొగ నరకం కంపు కొడుతోంది. వార్నీషు వేసిన కుర్చీ కాల్చావు కదూ?"

"కుర్చీ కాదు బోడిల్, స్టూలు," అన్నాడాయన పెరట్లోంచి, పాపం ఒప్పుకుంటున్నట్టు.

స్టూలైనా సరే, పసుపు చీటీ తప్పలేదు. ఆమె జేబులో ఎప్పుడూ పసుపు కాగితాల పుస్తకం ఒకటుంటుంది. పొయ్యిలో లోపం కనబడితే చీటీ రాసి తలుపుకి అంటిస్తుంది. లోపం సరిచేసేదాకా ఆ పొయ్యి వెలిగించకూడదు. ఊళ్ళో ఆ చీటీ అందుకోని ఇల్లు ఒక్కటే, బోడిల్ ఇల్లు.

ఇంత మనిషికి మూడు చలికాలాలుగా దగ్గు పట్టుకుంది. ఆకులు రాలే వేళకి మొదలయ్యేది, చిగుళ్ళు వేసే వేళకి పోయేది. ఖళ్ ఖళ్ మని పొడిదగ్గు, మాట మధ్యలో వచ్చి మాటనే మింగేసేది. మూడో ఏడు మా మసివాళ్ళ మేస్త్రి ఫ్రోదె ఆమెని బలవంతాన డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, "ముప్ఫై రెండేళ్ళ మసి, బహుశా అదే" అంది.

"పైన ఉన్నప్పుడు నాకు దగ్గు రాదు," అంది బోడిల్. "పైగా మూతికి మాస్కు కట్టుకునే ఊడుస్తాను."

"సిగరెట్టు కాల్చేవాళ్ళు కూడా, కాలుస్తున్నంతసేపూ దగ్గు రాదనే అంటారు," అంది డాక్టరమ్మ.

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. అతనికి బోడిల్ అంటే ప్రాణం. పైగా తాడు పట్టడం అతనికి నేర్పిందే ఆమె. "చూద్దాం" అని ఊరుకున్నాడు. "చూద్దాం" అంటే, మరీ ముదిరితే కప్పులెక్కడం మాన్పించి ఆఫీసులో నా పక్కన ఫోను దగ్గర కూర్చోబెడతాడన్న మాట. బోడిల్‌కి ఆ తలపే నిప్పుకణిక. రాత్రిళ్ళు మొగుడితో అనేదట: "కింద కూర్చుంటే చచ్చిపోతానని కాదు ఎస్బెన్. చావకుండా ఇంకో పదేళ్ళు అక్కడే కూర్చుంటానని."

ఇదిగో, ఇక్కడ నేను దూరాను.

సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి సొంతంగా తయారుచేశాను. గాలిలో కంటికి కనబడని మసిరేణువులు ఎన్నున్నాయో నిమిషం నిమిషానికీ రాసుకుంటుందది. దాన్ని బోడిల్ టోపీ లోపల, అస్తరు కింద దాచేశాను. ఆమెకి చెప్పలేదు. చెబితే వేళాకోళం ఏముంది?

"టోపీ బరువెక్కిందేంట్రా?" అంది మర్నాడు.

"అదృష్టం పేరుకుంది, దులుపుకో," అన్నాను.

వారం తిరిగాక పెట్టె తీసి చూస్తే గీత కొండల్లా లేచింది. ఆ అంకెలు చూసి నేను గంతేశాను. పెద్ద కాగితం మీద అచ్చేసి, పైన "బోడిల్ పీల్చిన గాలి" అని ఎర్రసిరాతో రాసి, కాఫీ గది గోడకి అంటించాను. నా తెలివికి ఎవరైనా రెండో బన్ను ఇస్తారేమోనని పక్కనే నిలబడ్డాను.

మేస్త్రి వచ్చాడు, చూశాడు, కాఫీ కింద పెట్టేశాడు. "చూద్దాం" అన్న మాట "చూశాం"గా మారిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బోడిల్ తాడూ, గుండూ, చీపురూ ఇనప బీరువాలోకి వెళ్ళాయి. తాళంచెవి మేస్త్రి జేబులోకి వెళ్ళింది.

"జనవరి మొదటివారం డాక్టరు మళ్ళీ వింటుంది. అంతవరకూ కిందే," అన్నాడు మేస్త్రి, ఆమె మొహంలోకి చూడకుండా.

బోడిల్ నాకేసి చూసింది. టోపీ తీసి, అస్తరు వేలితో తడిమి, మళ్ళీ పెట్టుకుంది. ఆ చూపు కంటే ఇనప గుండు నయం.

సోమవారం నా పక్క కుర్చీలో కూర్చుంది. టోపీతో సహా. వచ్చీ రాగానే విపరీతంగా దగ్గు. ఫోను మోగితే ఎత్తి, "ఆఁ, పొయ్యి పొగ కక్కుతోందా? ఏం కాలుస్తున్నావ్? కట్టెలా? కట్టెకి చక్రాలుంటాయా? అది ఉయ్యాలతొట్టి కదూ?" అంటూ అవతలివాణ్ణి కూర్చున్న చోటినుంచే కప్పెక్కినట్టు కడిగేసేది. మంగళవారం మధ్యాహ్నానికి దగ్గు తగ్గింది. బుధవారం పొద్దున్న మళ్ళీ మొదలైంది, మధ్యాహ్నానికి మళ్ళీ తగ్గింది. ఆఫీసులో మసి అనేది కాఫీ కెటిలు అడుగున తప్ప లేదు. ఇది నాకు తట్టలేదు. ఆమెకి తట్టింది. ముప్ఫై రెండేళ్ళు గొట్టాల లోపం ఎక్కడుందో వెతికిన బుర్ర అది.

బుధవారం కాఫీ కప్పు పట్టుకుని గోడ మీది నా కాగితం ముందు నిలబడింది.

"యెప్పె, ఇలా రా. ఈ కింద వరసగా ఉన్న అంకెలేంటి?"

"గంటలు."

"ఈ పెద్ద కొండ ఏ గంట మీద లేచింది?"

"పద్దెనిమిది. అంటే సాయంత్రం ఆరు."

"సాయంత్రం ఆరింటికి నేను ఏ ఇంటి కప్పు మీదున్నానురా?"

నా నోట్లో బన్ను అలాగే ఉండిపోయింది. మసివాళ్ళ పని మూడింటికల్లా ముగిసిపోతుంది. ఈ ఊళ్ళో డిసెంబరులో నాలుగింటికే చీకటి. చీకట్లో కప్పెక్కేది పిల్లులే.

"ఇదిగో, ఏడింటి నుంచి మూడింటి దాకా చూడు. మన దేశంలాగే చదునుగా ఉంది, అక్కడక్కడ చిన్న చిన్న గుట్టలు. అవే నా మసి. అన్నిటికంటే పెద్ద కొండ ఏ రోజుది?"

"...ఆదివారం."

"ఆదివారం ఎవరి గొట్టం ఊడ్చాను? దేవుడిదా?"

నేను గటుక్కున బన్ను మింగాను. టోపీ రోజంతా ఆమె నెత్తి మీద ఉంటుంది, నిజమే. కానీ సాయంత్రం ఇంటికి వెళ్ళి, తిండిబల్ల పక్కన మేకుకి వేలాడుతుంది. నేను అంకె చూశాను. గంట చూడలేదు.

మేస్త్రిని పిలిచి చూపించాం. అతను మళ్ళీ గడ్డం గోక్కున్నాడు. "అయితే ఇంట్లో ఏముంది?"

"అదే తెలీదు," అంది బోడిల్. "నా పొయ్యి నేనే ఊడ్చుకుంటాను. అదీ ఈ ఏడు ఇంకా వెలిగించనేలేదు. ఆదివారం ఇద్దరూ రండి. మా ఆయన తినడానికి ఏదో చేస్తాడు. టోపీని దాని మేకు మీదే ఉంచుదాం."

ఎస్బెన్‌ది ఇంకో కథ. పడవల మీద వంటవాడుగా పాతికేళ్ళు చేసి, మోకాలు పాడై ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే కూర్చోలేదు. చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ పోగుచేసి, వంటింట్లో కరిగించి, దాల్చినచెక్క నూనె కలిపి, కొత్త కొవ్వొత్తులు పోసేవాడు. ఇల్లు వెచ్చబెట్టే నూనె ధర పెరిగినప్పటి నుంచీ కిటికీ సందుల్లో ఉన్ని కుక్కి, పైన టేపు అంటించాడు. ఇంట్లోకి చీమ దూరాలన్నా తలుపు కొట్టాల్సిందే. పెళ్ళాన్ని ముద్దుగా "స్కట్" అంటాడు. మా భాషలో బంగారానికీ అదే మాట, పన్నుకీ అదే మాట. "మా ఆయన నన్ను పిలిచినప్పుడల్లా ప్రభుత్వం గుర్తొస్తుంది" అంటుంది బోడిల్.

ఆదివారం ఆమె మొగుడితో చెప్పింది ఒక్కటే మాట: "ఇంట్లో గాలి ఎలా ఉందో చూడ్డానికి మేస్త్రి వస్తున్నాడు."

ఎస్బెన్ ఏం చేస్తాడు? మా వాళ్ళలో ఎవడైనా ఏం చేస్తాడు? చుట్టం వస్తున్నాడంటే కొవ్వొత్తి వెలిగిస్తాం. చుట్టానికి ఒంట్లో బాగాలేదంటే రెండు వెలిగిస్తాం. గాలి బాగుందో లేదో చూడ్డానికి వస్తున్నాడంటే, ఆ గాలి కళకళలాడాలి కదా మరి!

నేను మాత్రం ఈసారి బోడిల్‌కీ మేస్త్రికీ ముందే చెప్పి పెట్టాను, పెట్టెకి ఒక గొంతు తగిలించి మళ్ళీ టోపీలో పెట్టానని. అంకె యాభై దాటితే మేకలా అరుస్తుంది. ఎంత పెరిగితే అంత పొడుగ్గా. పండగ నెలలో గడ్డితో చేసిన మేకబొమ్మని పక్కింట్లో దాచి ఏడిపించడం మాకు అలవాటే కాబట్టి, మేక అయితే ఎవరికీ కోపం రాదనుకున్నాను.

మూడింటికి బోడిల్ తలుపులు బార్లా తీసి, మూసి, టోపీ మేకుకి తగిలించింది. అంకె ఏడు. నాలుగున్నరకి మేమిద్దరం వెళ్ళేసరికి ఎస్బెన్ చివరి వత్తి అంటిస్తున్నాడు. బల్ల మీద నాలుగు కొవ్వొత్తుల పండగ దండ. దాని పక్కన పండగ దాకా రోజుకో గీత చొప్పున కాల్చాల్సిన అంకెల కొవ్వొత్తి. అది ఏడో తారీఖునే పదమూడు దాకా కాలిపోయింది, ఎస్బెన్ ఆర్పడం మర్చిపోతాడు. కిటికీ గట్టున వరస, అలమారా మీద వరస, స్నానాలగదిలో కూడా రెండు. ఇల్లంతా బంగారంలా మెరిసిపోతోంది.

"అబ్బ, ఎంత హాయిగా ఉంది!" అన్నాడు మేస్త్రి, కోటు విప్పుతూ.

"మే..." అంది టోపీ.

ఎస్బెన్ ఉలిక్కిపడ్డాడు. "అదేంటి?"

"టోపీ. గాలి బాలేదంటోంది," అన్నాను.

"నా పెనం వల్లేనేమో," అని వంటింట్లోకి పరిగెత్తాడు. గుంట పొంగనాల పెనంలాంటి పెనం మీద, పొంగనాల్లాంటి గుండ్రటి ఆపిల్ ముద్దలు వేయిస్తున్నాడు. దించేసి, వాటి మీద పంచదార చల్లి, వంటింటి తలుపు మూసి పళ్ళెంతో వచ్చాడు.

"మేఏఏ..." అంది టోపీ.

"పొయ్యి!" అన్నాడు మేస్త్రి. వెళ్ళి పొయ్యి మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. లోపల ఒక సాలీడు కాపురముంటోంది.

"మేఏఏఏఏ..."

"స్కట్, ఆ జంతువుని ఆపించు, ముద్దలు చల్లారిపోతున్నాయి," అన్నాడు ఎస్బెన్.

బోడిల్ ఎవరి మాటా వినడంలేదు. తన కుర్చీలో వెనక్కి వాలి, బల్ల మీది మంటలకేసి చూస్తోంది. మేస్త్రి చెయ్యి ఊపినప్పుడల్లా మంటలు ఊగుతున్నాయి. ఊగినప్పుడల్లా ఒక్కొక్క మంట కొసనా సన్నటి నల్లదారం లేస్తోంది. ఆ దారాల వెంట ఆమె కళ్ళు పైకి వెళ్ళాయి. బల్లకి సరిగ్గా పైన, తెల్లటి కప్పు మీద, దుప్పటంత బూడిదరంగు మచ్చ. ముప్ఫై రెండేళ్ళు ఊరందరి కప్పుల పైన చూసిన మనిషి, తన కప్పు కింద ఎప్పుడూ చూడలేదు.

లేచింది. ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టింది. స్నానాలగదిలోకి వెళ్ళి అక్కడివీ లెక్కపెట్టి వచ్చింది.

"ముప్ఫై ఒకటి," అంది.

"ఇంకో నాలుగు డబ్బాలో ఉన్నాయి," అన్నాడు ఎస్బెన్ గర్వంగా.

"ముప్ఫై ఒక్క పొయ్యిలు, ఎస్బెన్. ఒక్కదానికీ గొట్టం లేదు!"

చెప్పి, జేబులోంచి పసుపు పుస్తకం తీసింది. నిలబడే రాసింది, పైకి చదువుతూ రాసింది: "ఇంటి యజమాని, ఎస్బెన్. తిండిబల్ల మీదా చుట్టుపక్కలా పొయ్యిలు ముప్ఫై ఒకటి. పొగగొట్టాలు సున్నా. కిటికీలు టేపుతో మూసివున్నాయి. వీటిని వెలిగించరాదు." చించి, మొగుడి నుదుటికి అంటించింది.

మేస్త్రికి నవ్వాగలేదు. అప్పుడే నోట్లో వేసుకున్న ముద్ద మీది పంచదార ముక్కులోకి పోయి తనూ దగ్గడం మొదలెట్టాడు.

ఎస్బెన్ మాత్రం నవ్వలేదు. చీటీ నుదుటి మీంచి తీసి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. "అయితే ఏం చెయ్యమంటావ్? స్వీడన్ వాళ్ళలా బల్బు కింద కూర్చోమంటావా?"

"స్వీడన్ వాళ్ళు మనకంటే ఎక్కువ కాలుస్తారు."

"అదీ మన దగ్గర నేర్చుకునే." చీటీ మడత గోటితో నొక్కాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వు రేవు అవతలి కప్పుల మీద ఉంటావు. మూడింటికే మసక. కిటికీలో వెలుగు పెడితే నీకు అక్కడినుంచి కనబడుతుందని ఒకటి పెట్టాను. అది చిన్నగా ఉందని ఇంకోటి. అలా..."

"ముప్ఫై ఒకటి," అంది బోడిల్.

"నీ దగ్గు ఎక్కువైన కొద్దీ ఇంకాస్త హాయిగా ఉంటుందని పెంచుతూ వచ్చాను."

బోడిల్ మొగుడి బట్టతల మీద అరచెయ్యి పెట్టింది, కుక్కపిల్లని నిమిరినట్టు ఒకసారి నిమిరింది. "కనబడేదిరా మొద్దూ," అంది. "మొదటి ఒక్కటే చాలు, కనబడేది."

ఆ వెంటనే కిటికీ దగ్గరికి వెళ్ళి, టేపు చివర గోటితో లేపి, సర్రుమని లాగేసింది. ఉన్ని ఊడొచ్చింది. రెక్క తెరిచింది. రేవు మీంచి గాలి లోపలికి దూకి, ఒక్క ఊపుకి పాతిక కొవ్వొత్తుల్ని ఆర్పేసింది. ఆరిన వత్తులన్నీ ఒక్కసారిగా తెల్లటి పొగ కక్కాయి.

"మేఏఏఏఏఏఏఏఏఏఏ..."

మేక గొంతు చించుకుంది. మేస్త్రి ముద్దల పళ్ళెం ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆ పళ్ళెం వెనక ఎస్బెన్, అతని వెనక నేను. బోడిల్ చివర్న టోపీతో వచ్చింది. నలుగురం గుమ్మం మెట్ల మీద చలిలో నిలబడి తింటుంటే, దారినపోయే ఒకావిడ ఆగి బోడిల్ బొత్తాం ముట్టుకుంది. టోపీ చిన్నగా "మే" అంది. ఆవిడ ముద్ద కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి కొవ్వొత్తులు గుమ్మం బయట రాతి మెట్టు మీద, గాజు సీసాల్లో వెలుగుతున్నాయి. కిటికీలు పొద్దున్న పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు తీస్తున్నారు. ఆ పది నిమిషాలూ ఎస్బెన్ కోటూ, చేతితొడుగులూ వేసుకుని బల్ల దగ్గర నిరసనగా కూర్చుంటాడు. మైనం కరిగించే కుండ పెరటి కొట్టంలోకి వెళ్ళింది. కిటికీలోకి బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి ఒకటి వచ్చింది. ఎస్బెన్ దాన్ని "ఆ ప్లాస్టిక్ శవం" అని పిలుస్తాడు గానీ, మూడింటికల్లా మీట నొక్కడం మర్చిపోడు.

బోడిల్ దగ్గు వారానికి సగమైంది. కొత్త సంవత్సరానికి, ఎవరైనా జోకు వేస్తే తప్ప రావడంలేదు. జనవరిలో డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది.

"నవంబరు కంటే చాలా నయం. ఏం చేశావ్?"

"మా ఆయనకి చీటీ రాశాను."

"మసి అంటే వెన్నపూస అనుకోకు. మాస్కు మాత్రం విప్పొద్దు," అంది డాక్టరమ్మ. మేస్త్రికి కాగితం రాసిచ్చింది.

మేస్త్రి బీరువా తాళం తీశాడు. బోడిల్ తాడు చేతిలోకి తీసుకుని, ముడులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. ఆమె మొదట ఎక్కింది పాస్టరుగారి ఇంటి కప్పే. నేను కింద నిచ్చెన పట్టుకునే నెపంతో వెళ్ళాను. క్షమించమని అడగాలనే వెళ్ళాను, నిజం. కానీ ఎర్రపెంకుల మీద, నీలాకాశం ముందు, టోపీ పెట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూసేసరికి నా నోరు దాని అలవాటు అది చూపించింది.

"బోడిల్! ఏదేమైనా నా మేకే కదా నిన్ను మళ్ళీ పైకెక్కించింది?" అని అరిచాను.

ఆమె గుండు గొట్టంలోకి జారవిడిచి, తాడు ఆపి, కిందికి వంగి చూసింది.

"మేకకి దండం పెడతానురా యెప్పె. అది పొగ చూసి అరిచింది. నువ్వు అరిచేసి, తర్వాత పొగ వెతుక్కున్నావు."